పదమూడో దెబ్బ

మేం అడిగినవి రెండు. స్తంభాలకి లైట్లు, గేటు దాకా బస్సు. ఈ రెండూ ఇస్తే ఆడదాని సాధికారత దెబ్బతింటుందని మాకు తెలీదు. చదువుకోనివాళ్లం.

మాది సముద్రం పక్క ఊరు. ఊరవతల రొయ్యల ఫ్యాక్టరీ ఉంది. తలలు తీసేదీ తొక్కు ఒలిచేదీ అందరూ ఆడవాళ్లే. మధ్యాహ్నం ఎక్కిన షిఫ్టు చీకటి పడ్డాక దిగుతుంది. బస్సేమో మెయిన్ రోడ్డు దాటి లోపలికి రాదు. గేటు నుంచి మెయిన్ రోడ్డుకి మైలు పైచిలుకు. రెండు పక్కలా రొయ్యల చెరువులు, మధ్యలో కల్వర్టు, కల్వర్టు మీద సత్తిపండు, వాడి వెనక వాడి బ్యాచి. దారి పొడుగునా స్తంభాలున్నాయి, బల్బుల్లేవు. స్తంభాలకి కొబ్బరికాయ కొట్టిన పెద్దమనిషి పేరు మాత్రం ప్రతి స్తంభం మీదా రాయించారు. చీకట్లో అదీ కనపడదు.

సత్తిపండు పనేమిటంటే, షిఫ్టు దిగే వేళకి కల్వర్టెక్కడం. దారికడ్డంగా కాళ్లు చాపడం, చున్నీ లాగడం, చేతిలో క్యారియర్ లాక్కుని చెరువులో పడేయడం. పోలీసులకి చెబితే, పేరు తెలిసినవాడు గనక అపరిచితుడి దాడి కిందకి రాదన్నారు. ఒక్కొక్కరే పని మానేశారు. వీరవేణి అని కొత్తగా చేరిన పిల్లకి వాళ్ల నాన్న ఆఖరి మాట చెప్పేశాడు, ఇంకోసారి ఏడుస్తూ ఇంటికొస్తే పనికి పంపనని. ఆ పిల్ల పక్కన నిలబడి తలలు తీసే నూకరత్నాన్ని అత్తగారు అడిగిందట, పని మానేస్తావా, ఆ రోడ్డు మానేస్తావా అని. ఫ్యాక్టరీకి ఉన్నది ఆ ఒక్క రోడ్డే. ఇంట్లో ఉన్నది ముసలిదీ, మంచాన పడ్డ మొగుడూ, బడికెళ్లే పిల్లా. అందరూ నూకరత్నం మణికట్టు మీద బతుకుతున్నారు.

అందుకని మా ఫ్యాక్టరీ యూనియన్ తరఫున నేను అర్జీ రాశాను. రాసి, నూకరత్నాన్నీ ఇంకొందరినీ వెంటేసుకుని జిల్లా మహిళా స్వావలంబన మిషన్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ ప్రత్యేకాధికారి పురంధరరావుగారు. అర్జీ మొత్తం చదివి, కళ్లజోడు తీసి, తుడిచి, మా మీద జాలిపడ్డారు.

"చూడండమ్మా. లైటు వేస్తే స్త్రీ లైటు మీద ఆధారపడుతుంది. బస్సు వేస్తే బస్సు మీద ఆధారపడుతుంది. ఆధారపడటం స్వావలంబనకు విరుద్ధం. విభాగం పేరులోనే స్వావలంబన ఉండగా, విరుద్ధమైన చర్యకు విభాగం ఎలా పూనుకుంటుంది?"

నూకరత్నం పైకి చూసింది. ఆఫీసులో పట్టపగలు లైట్లన్నీ వెలుగుతున్నాయి. మరి తమరికి లైటెందుకండీ అని అడిగింది. అది విధి నిర్వహణలో భాగమన్నారాయన.

మాకు తెలియని సంగతేమిటంటే, ఆయన అప్పుడే ఫిలిప్పీన్స్ నుంచి తిరిగొచ్చారు. స్త్రీల భద్రత మీద అధ్యయన యాత్ర. అక్కడి బీచీల్లో స్త్రీల భద్రతని కుటుంబ సమేతంగా అధ్యయనం చేసి, చివరి రోజున హోటల్లో ఓ ప్రదర్శన చూశారట. ఆర్నిస్ అని, పేము కర్రలతో పోరాడే విద్య. ఆ దీవుల్లో రైతులూ జాలర్లూ తరతరాలుగా నేర్చుకున్నది, పరాయి దొరల మీదకి ఎగబడ్డప్పుడు వాడింది. విద్యలో వంకలేదు. మన ఆఫీసు చేతికి చిక్కడం దాని ఖర్మ.

జిల్లాలో మహిళలందరికీ ఆర్నిస్ అని ప్రకటన వచ్చింది. మొదటి విడత మా ఫ్యాక్టరీ. అర్జీ పెట్టుకున్న పాపానికి.

ప్రారంభానికి ఆ దేశం నుంచి ఓ గురువునే పిలిపించారు. పేరు రెమెడియోస్. మావాళ్లు రెమ్మమ్మ అన్నారు. అరవై దాటినావిడ. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు ముడేసుకుంది, కాళ్లకి మామూలు రబ్బరు చెప్పులు. షిఫ్టు మధ్యలో లేపి తెచ్చారు గనక మావాళ్లంతా క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూచున్నారు. పురంధరరావుగారు నారీశక్తి గురించి గంట మాట్లాడారు. ఆవిడ వంతొచ్చింది. మైకు తీసుకోలేదు. స్టేజీ దిగి తిన్నగా నూకరత్నం దగ్గరికొచ్చింది. ఒళ్లో క్యారియర్ అడిగి తీసుకుంది. హ్యాండిల్ పట్టుకుని బరువు చూసింది. వెంట వచ్చిన పురంధరరావుగారి వైపు ఒక్క విసురు విసిరి, ఆయన చెవికి వేలెడు దూరంలో ఆపింది. తన భాషలో ఏదో అంది, నవ్వింది, క్యారియర్ తిరిగిచ్చి నూకరత్నం చెంప తట్టింది.

పురంధరరావుగారు చెవి తడుముకుని మైకందుకున్నారు.

"మేడం గారు మన వంటకాల సువాసనను మెచ్చుకుంటున్నారు."

చప్పట్లు. రెమ్మమ్మ ఓ వారం ఉండి నేర్పి వెళ్లిపోయింది. తర్వాత ఆఫీసువారి ట్రైనరొచ్చాడు. అతను ఆవిడ దగ్గర మూడు రోజులు నేర్చుకుని నాలుగో రోజు గురువయ్యాడు.

ఉన్నమాట చెప్పాలి. మావాళ్లకి ఆ కర్ర నచ్చింది. షిఫ్టంతా ఐసులో మొద్దుబారిన వేళ్లు కర్ర తిప్పుతుంటే వెచ్చబడేవి. తలలు తీసీ తీసీ ఆరితేరిన మణికట్లు గదా, టకటకా వచ్చేసింది. కమ్యూనిటీ హాల్లో ఒకటే నవ్వులు. ఒకావిడ మొగుడి పేరు చెప్పుకుంటూ కొట్టేది. ఇంకొకావిడ ట్రైనర్ కణుపుల మీద ఒక్కటిచ్చుకుని, సారీ సార్, రొయ్యనుకున్నాను అంది.

ఈ విద్యలో దెబ్బలకి నంబర్లుంటాయి. ఒకటి అంటే ఎడమ కణత, రెండు అంటే కుడి కణత, అలా పన్నెండు. నేర్చుకునేటప్పుడు ఎదుటి మనిషి నంబరు చెప్పి కొడతాడు, మనం దానికి తగ్గట్టు కాచుకుంటాం. మొదలెట్టేముందు కర్రని గుండెకి ఆనించి తల వంచాలి. రెమ్మమ్మ అది మర్యాద కోసం నేర్పింది. ఆఫీసు దాన్ని రూలు చేసింది. నమస్కారం లేని దెబ్బ చెల్లదు. నంబరు లేని దెబ్బ అసలు దెబ్బే కాదు.

ఆ రూలు నమ్మిన మొదటి మనిషి వీరవేణి. ఓ సాయంత్రం కల్వర్టు దగ్గర సత్తిపండు అడ్డం నిలబడ్డాడు. పిల్ల అడుగు వెనక్కేసింది. కర్ర గుండెకానించి తల వంచింది. నిలబడింది. నంబరు కోసం చూసింది. వాడు నంబరు చెప్పలేదు. ముందు కర్ర లాక్కున్నాడు, తర్వాత క్యారియర్ లాక్కున్నాడు, రెండూ చెరువులో పడేసి ఈలేసుకుంటూ పోయాడు. పిల్ల ఆ ఏడుపేదో రోడ్డు మీదే ఏడ్చేసి, మొహం కడుక్కుని ఇంటికెళ్లింది.

దీని మీద సమీక్షా సమావేశం పెట్టారు. నన్నూ పిలిచారు. పురంధరరావుగారు బోర్డు మీద బొమ్మ గీసి విశ్లేషించారు. శిక్షణార్థి సక్రమంగా నిలబడింది. సక్రమంగా నమస్కరించింది. నంబరు కోసం సక్రమంగా నిరీక్షించింది. కాబట్టి శిక్షణలో లోపం లేదు. లోపమంతా దాడి చేసినవాడిలో ఉంది. అతనికి దాడి చేయడం రాదు.

నేను లేచి, దాడి చేయడం రానివాణ్ణి తీసుకెళ్లి లోపలెయ్యండి, ఓ పనైపోతుంది అన్నాను.

"లోపల వేస్తే ప్రాక్టికల్స్ ఎవరితో చేయిస్తారమ్మా?" అన్నారాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ఏకపక్ష శిక్షణ వల్లే ఈ వైఫల్యం. ఇకపై ఉభయపక్ష శిక్షణ."

అలా సత్తిపండుకీ బ్యాచికీ పోస్టింగులొచ్చాయి. రౌడీ అనకూడదు, పోకిరీ అనకూడదు. దాడి భాగస్వామి అనాలి. తలా ఓ ట్రాక్‌సూటు, టోపీ, కర్ర, మెళ్లో ఫొటో ఉన్న కార్డు. సత్తిపండు తల్లి వీధంతా పప్పుబెల్లాలు పంచింది. కొడుకు ఆడపిల్లల జోలికి పోతున్నాడని ఇన్నేళ్లూ తలెత్తుకోలేకపోయింది పాపం, ఇప్పుడు వాడు సర్కారు తరఫున పోతున్నాడు. వాడే నాకెదురుపడి, "అక్కా, ఇక మనమంతా ఒకటే డిపార్టుమెంటు" అన్నాడు.

నెల తిరక్కుండా కొత్త ఉత్తర్వు. కల్వర్టుని ప్రాక్టికల్ కేంద్రంగా గుర్తించారు. ప్రతి మహిళా వారానికోసారి అక్కడ దాడికి గురికావాలి. గురైనట్టు భాగస్వామి సంతకం పెట్టాలి. సంతకాలుంటేనే సాధికారత సర్టిఫికెట్. ఫ్యాక్టరీ యాజమాన్యం కూడా స్త్రీ జనోద్ధరణలో చేయి కలిపి, సర్టిఫికెట్ లేనిదే గేటులోకి రానివ్వమంది.

ఇప్పుడు మావాళ్లు కల్వర్టు దగ్గర క్యూ కట్టాల్సొచ్చింది. నా చెవులతో విన్నాను. రోజంతా నిలబడి కాళ్లు లాగేస్తున్న ఆడది సత్తిపండుని బతిమాలుతోంది, "ఒరే నాయనా, తొందరగా ఆ ఒక్క దాడీ చేసేయరా, బస్సెళ్లిపోద్ది." వాడు బీడీ ముట్టించుకుని, ఆగండి, నాకూ మూడ్ రావాలి కదా అనేవాడు. సంతకం కావాలంటే నవ్వమనేవాడు. ఒకరిని పాట పాడమన్నాడు. ఫిర్యాదు చేయబోతే ఆఫీసులో ఒకటే జవాబు, పాఠ్యాంశం మీద ఫిర్యాదు స్వీకరించబడదు.

ఆ గురువారం వీరవేణి వంతు. నూకరత్నం దాని వెనకే నిలబడింది. పిల్ల నమస్కారం పెట్టింది. సత్తిపండూ పెట్టాడు. ఒకటి అన్నాడు, కొట్టాడు, పిల్ల కాచుకుంది. రెండు అన్నాడు, కాచుకుంది. మూడోసారి వాడు కర్ర కిందపడేసి నడుం మీద చెయ్యేశాడు.

"ఇది ఎన్నో నంబరు?" అంది వీరవేణి.

"ఇది సిలబస్‌లో లేదులే. ఇది మనిద్దరికీ."

నూకరత్నం చేతిలో కర్ర ఉంది. కర్ర వదిలేసింది. రెండో చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఉంది. పై గిన్నెలో షిఫ్టులో తినడానికి తీరిక దొరకని చేపల పులుసు అలాగే ఉంది. హ్యాండిల్ పట్టుకుని ఒక్క విసురు విసిరింది. ఈసారి వేలెడు దూరంలో ఆగలేదు. సత్తిపండు ముంజేతి ఎముక విరిగిన చప్పుడు గేటు దాకా వినపడిందంటారు. వాడు వెనక్కి తూలి ట్రాక్‌సూటుతో సహా చెరువులో పడ్డాడు. పులుసు మొహం మీద, కరివేపాకు టోపీ మీద.

మావాళ్లకి ఇన్నాళ్లూ తగిలిన దెబ్బలు ఏ ఆఫీసుకీ కనపడలేదు. సత్తిపండు కట్టు తడారకముందే పురంధరరావుగారు ఆస్పత్రికి బత్తాయిలు పట్టుకెళ్లారు. విధి నిర్వహణలో గాయపడ్డ భాగస్వామి అని ఫొటో తీయించారు. నూకరత్నం సర్టిఫికెట్ నిలిపేశారు. అంటే గేటు మూసుకుపోయింది. ఆ రాత్రి అత్తగారు బియ్యం డబ్బా మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసిందట. అది చూస్తేనే ఎక్కువ భయమేసింది అంది నూకరత్నం నాతో.

విచారణకి ఆవిడ పక్కన నేనూ నిలబడ్డాను. పురంధరరావుగారు అభియోగాలు చదివారు. నమస్కార విధిని ఉల్లంఘించుట. గుర్తింపులేని పరికరాన్ని ఉపయోగించుట. భాగస్వామి సంసిద్ధుడు కాని సమయమున ప్రహరించుట. వంటకమును దుర్వినియోగపరచుట.

"నమస్కారం చేశావా?"

"వాడికాండీ?"

"అడిగినదానికి జవాబు చెప్పు. పన్నెండు దెబ్బలున్నాయి. నువ్వు కొట్టింది ఎన్నోది?"

"నంబరు తెలీదండి. వాడి చెయ్యి ఎక్కడుందో అక్కడ కొట్టాను."

"సిలబస్‌లో పదమూడో దెబ్బ లేదు. నీకెవరు నేర్పారు?"

"రెమ్మమ్మగారండి. తమరి చెవి దగ్గరే కదండీ చూపించారు."

ఆయన చెయ్యి దానంతటదే చెవి మీదకి పోయింది. తీర్పు తర్వాత పంపుతామన్నారు.

ఈలోగా సత్తిపండు బ్యాచి ఓ అర్జీ పెట్టింది. చదివితే ఎక్కడో విన్నట్టే ఉంది. మా అర్జీయే. మహిళలు అన్నచోటల్లా భాగస్వాములు అని మార్చారంతే. చీకట్లో ఆ రోడ్డు మీద తమకి ప్రాణభయంగా ఉందట. ఏ ఆడదాని చేతిలో ఏ క్యారియరుందో తెలీడం లేదట. లైట్లు కావాలి, గేటు దాకా బస్సు కావాలి.

మర్నాడు సాయంత్రానికి లైట్లు వెలిగాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ స్తంభాల మీద పెద్దమనిషి పేరు చదివాం, అక్షరదోషాలతో సహా. వారం తిరిగేసరికి బస్సొచ్చింది. ముందు అద్దానికి బోర్డు, దాడి భాగస్వాముల భద్రతార్థం. ఊళ్లో ఎక్కించుకుని గేటు దాకా వెళ్లి, మళ్లీ ఊళ్లో దింపుతుంది. షిఫ్టుకి ముందొకసారి, షిఫ్టు దిగాక ఒకసారి. లోపల ఆరుగురు మగాళ్లు కిటికీకొకడు.

నేనుండబట్టలేక వెళ్లి అడిగాను, లైటు మీదా బస్సు మీదా ఆధారపడకూడదన్నారు కదండీ అని. పురంధరరావుగారు ఏమాత్రం తొణకలేదు.

"ఆధారపడటం స్త్రీ విషయంలో బలహీనత అమ్మా. పురుషుడి విషయంలో దాన్ని మౌలిక సదుపాయం అంటారు."

నూకరత్నం తీర్పు కూడా ఆ వారమే ఇంటికొచ్చింది. ఆవిడ దాన్ని నా దగ్గరికి తెచ్చింది. నేను చదివాను. సదరు మహిళ ప్రమాదకర మహిళగా గుర్తించబడినందున, భాగస్వాముల భద్రత దృష్ట్యా, ఆమె ఇకపై సదరు రహదారిపై కాలినడకన సంచరించరాదు. శిక్షణ అవసరానికి మించి పూర్తయినందున సర్టిఫికెట్ పునరుద్ధరించడమైనది.

గేటు తెరిచి రోడ్డు మూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. కోర్టుకెళదామన్నాను, ధర్నా అన్నాను. నూకరత్నం నా గొడవ వినడంలేదు.

"అక్కా, ఆ కాలినడక ముక్క మళ్లీ చదువు."

చదివాను.

"కాలినడకనే కదా వద్దంది?"

"కాలినడకనే."

"ఇంకోసారి చదువక్కా," అంది. అప్పటికే నవ్వుతోంది.

మర్నాడు మధ్యాహ్నం ఊళ్లో ఆగివున్న ఆ బస్సెక్కి ముందు సీట్లో కూచుంది. ఒళ్లో క్యారియర్. అడుగు గిన్నెకి సొట్ట. వెనక ఆరుగురూ ఒకే సీటు మీదకి జరిగారు. కండక్టర్ వచ్చి ఇది మీ బస్సు కాదమ్మా, భాగస్వాములదీ, దిగు అన్నాడు.

"దిగితే నడవాలి బాబూ. నేను నడిస్తే ఈళ్లకి ప్రమాదమని సర్కారు రాసిచ్చింది, చూడు. దింపావో, ఈళ్లకి ఏమన్నా అయితే నీదే పూచీ."

కండక్టర్ ఉత్తర్వు చదివాడు. మళ్లీ చదివాడు. ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఉత్తర్వులో ఉన్నది ఉన్నట్టు అమలు చేయమన్నారు. టిక్కెట్టు కొట్టాడు.

ఆ సాయంత్రమే నా ఇంటి ముందు మావాళ్లంతా. నాకూ ఒకటి రాసిపెట్టక్కా, నాకూ ఒకటి. రాయడం నాకెంతసేపు. అయ్యా, నేను కూడా ప్రమాదకర మహిళను. నా వద్ద కూడా క్యారియర్ గలదు. నన్ను కూడా నడవనీయకుండా నిషేధించవలసిందిగా ప్రార్థన. వీరవేణిని వాళ్ల నాన్నే స్వయంగా ఆఫీసుకి తీసుకెళ్లాడు. బల్ల ముందు చేతులు కట్టుకుని, "మా పిల్ల చానా ప్రమాదమండి. ఇంట్లో మేవే దూరంగా ఉంటాం. రాసుకోండి" అన్నాడు.

పురంధరరావుగారు మొదట అనుమానంగా చూశారు. అంతలో వెలిగింది. మిషన్ మొదలయ్యేముందు జిల్లాలో ప్రమాదకర మహిళలు సున్నా. ఇప్పుడు వరండా దాటి రోడ్డు మీదకి క్యూ. ఇంతకన్నా సాధికారత ఏ జిల్లా చూపించగలదు? కూచున్న సీట్లోంచి లేవకుండా అందరినీ నిషేధించారు. బస్సు చాలక రెండోది కూడా ఆయనే వేయించారు. ఆ రోడ్డు మీద ఇప్పుడు స్త్రీలపై దాడులు లేవు. దానికి ఆయనకి రాజధానిలో శాలువా కప్పారు. తర్వాతి అధ్యయన యాత్ర జపానుకట.

ఇప్పుడు రెండు బస్సుల్నిండా ఆడవాళ్లే. వేలాడే కడ్డీలకి క్యారియర్లు. భాగస్వాములు వాటిల్లో ఎక్కడం మానేసి, లైట్ల కింద నడుస్తున్నారు, నలుగురైదుగురు కలిసి, వెనక్కి చూసుకుంటూ. అలా నడవడం ఎవరికైనా మంచి అభ్యాసమే. మేం చాలాకాలం చేశాం.

మొన్న షిఫ్టు దిగి నేనూ వాళ్లతో వచ్చాను. కల్వర్టు మలుపులో బస్సు నెమ్మదించింది. లైటు కింద సత్తిపండు ఒక్కడే కూచున్నాడు, చెయ్యి మెడకి వేలాడేసుకుని. నూకరత్నం క్యారియర్ ఎత్తి కిటికీ కడ్డీ మీద ఒక్కసారి ఠంగుమనిపించింది. వాడు ఉలిక్కిపడి లేచాడు. బాగున్న చేత్తో కర్ర గుండెకానించి తల వంచాడు.

"నమస్కారం మాత్రం కుదిరిందిరా నీకు," అంది నూకరత్నం. బస్సు ఆగకుండా వెళ్లిపోయింది.